మంచులో కాలు దిగబడకుండా నడిచేదెలా?

మన క్లాసులో మంచు అనగానే అందరికీ గుర్తొచ్చేది నంది కొండ. తెల్లవారుజామున పోయి, ఎదురుగా ఉన్న మనిషి కూడా కనబడని పొగమంచులో ఫోటోలు దిగి, తొమ్మిదికల్లా కిందికి దిగి ఇడ్లీ తిని వచ్చేస్తాం. నేను రాయబోయేది ఆ మంచు గురించి కాదు. నేలమీద పడి, కరగకుండా పేరుకుని, మనిషి ఎత్తు, ఇంటి ఎత్తు నిలిచిపోయే మంచు గురించి. అందులో అడుగు వేస్తే మోకాలి దాకా, ఒక్కోచోట నడుము దాకా కాలు దిగబడుతుంది. దిగబడకుండా నడవడానికి బూటు కింద కట్టుకునే వెడల్పాటి సాధనం ఒకటుంది. దాన్ని స్నోషూ అంటారు. పోయిన క్రిస్మస్ సెలవుల్లో అక్క దగ్గరికి అమెరికా పోయినప్పుడు, అమ్మా నేనూ వాటిని కట్టుకుని, మాలాగే మొదటిసారి వచ్చిన ఇరవైమందితో కలిసి ఒక కొండమీద రెండు గంటలు నడిచాం.

వచ్చినప్పటినుంచి అందరూ "మంచులో బాగా ఆడుకున్నావా?" అనే అడుగుతున్నారు. ఆడుకున్నాను. కానీ చెప్పాలనిపించింది వేరే. మన క్లాసులోనే అక్కో అన్నో అక్కడ ఉన్నవాళ్ళు ఏడుగురున్నారు. రేపు చదువుకని మనలో కొందరం పోతాం, పెళ్ళయి కొందరు పోతారు, కాన్పులకని మన అమ్మలు పోతారు. పోయిన మొదటి చలికాలమే మంచు చూడాలని అందరికీ ఉంటుంది. 2022 డిసెంబరు 26న అరిజోనాలో వుడ్స్ క్యాన్యన్ లేక్ అనే చోట, గడ్డకట్టిన చెరువు మీద నడుస్తుండగా పైపొర పగిలి, మన తెలుగువాళ్ళు ముగ్గురు నీళ్ళలో పడి చనిపోయారు. పేపర్లలో అప్పుడు అందరం చదివాం. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా మంచులో ప్రమాదాలకు గురవుతారు, అది నిజమే. కానీ మంచుని చూసి ఇది గట్టి, ఇది బోలు అని గుర్తుపట్టే కన్ను మనకు చిన్నప్పటినుంచి అలవడలేదు. ఆ కన్ను ఉన్నవాళ్ళ వెనకాల, గుంపులో, మొదటిసారి నడవడం ఎంత అవసరమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాట దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఆకుమీద నిలిచే బొట్టు మనకు మంచు. రోడ్డుమీద కమ్ముకునేది పొగమంచు. హిమాలయాల్లో కురిసేదీ మంచే, ఫ్రిజ్‌లో గట్టిపడేదీ మంచుగడ్డే. కన్నడంలో 'మంజు' కూడా ఇంతే. తమిళంవాళ్ళ 'పని' కూడా ఆకుమీద బొట్టుకూ హిమపాతానికీ ఒకటే. మన ఊళ్ళలో అవసరం రాలేదు కాబట్టి వేరు మాటలు పుట్టలేదు, అందులో తప్పు లేదు. కానీ మంచు కప్పిన మైదానం, మంచు కప్పిన చెరువు రెండూ చూపుకు ఒక్కలాగే తెల్లగా, చదునుగా ఉంటాయి. ఒకదాని కింద నేల ఉంటుంది, ఇంకోదాని కింద నీళ్ళు ఉంటాయి. రెంటినీ ఒకే మాటతో పిలిచేవాళ్ళకు ఆ తేడా చప్పున తట్టదు. స్నోషూకి 'మంచుపాదుక' అనొచ్చేమో అని నాకు తోచింది. మేడం వాళ్ళు ఇంతకన్నా మంచి మాట చెబితే మార్చుకుంటాను. ప్రస్తుతానికి స్నోషూ అనే రాస్తాను.

అది దిగబడకుండా ఎలా ఆపుతుందో చూద్దాం. వరిమడిలో నడిచినవాళ్ళకు దీన్ని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బురదలో ఒట్టి కాలు పెడితే దిగబడుతుంది, పలక వేసి దానిమీద నిలబడితే దిగబడదు. బరువు అదే, పరుచుకునే చోటు పెరిగింది. నా లెక్కే చెప్తాను. నా బరువు 52 కిలోలు. బూటు అడుగుభాగం సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. నడిచేటప్పుడు ఒక క్షణం బరువంతా ఒంటికాలి మీదే ఉంటుంది కదా, అప్పుడు ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడేది దాదాపు 208 గ్రాములు. నాకిచ్చిన స్నోషూ 20 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవు. కొసలు గుండ్రం కాబట్టి వెయ్యి చదరపు సెంటీమీటర్లు అనుకోండి. ఇప్పుడు పడేది 52 గ్రాములే, అంటే నాలుగో వంతు. అంతమాత్రాన నీళ్ళమీద తేలినట్టు పైపైనే పోతామనుకోకండి. కొత్తగా పడిన మెత్తటి మంచులో స్నోషూతో కూడా జానెడు దిగుతుంది. మోకాలి దాకా పోయేది జానెడుతో ఆగుతుంది, లాభమంతా అదే. బరువైన మనిషికి, వీపున సంచి మోసే మనిషికి ఇంకా పెద్దవి కావాలి. అందుకే అవి ఇచ్చే చోట మన పాదం కొలత కన్నా ముందు మన బరువు అడుగుతారు. అమ్మకు ఇది అస్సలు నచ్చలేదు, అంతమందిలో బరువు చెప్పడమేంటని.

ప్రకృతి ఈ పని ముందే చేసిపెట్టింది. ఉత్తర అమెరికా అడవుల్లో స్నోషూ హేర్ అనే కుందేలుంది. దాని వెనక పాదాలు ఒంటికి మించి పెద్దవిగా ఉంటాయి. మెత్తటి మంచులో నక్క దిగబడే చోట అది గెంతుకుంటూ పోతుంది. దాని అడుగుల ముద్రలు మాకు చూపించారు. పెద్ద ముద్రలు రెండు ముందు, చిన్నవి రెండు వెనక. మనం తిరగేసి చదువుతాం. గెంతినప్పుడు వెనక కాళ్ళు ముందు కాళ్ళను దాటి పడతాయి కాబట్టి, పెద్ద ముద్రలున్న వైపే అది పోయిన దిక్కు.

మనుషులు దీన్ని ఆట కోసం కనిపెట్టలేదు. క్రీ, ఒజిబ్వే, ఇన్నూ లాంటి అక్కడి ఆదివాసీ జాతులకు చలికాలమంతా వేటకు పోవాలన్నా, ఊరు మారాలన్నా ఇదే ఆధారం. యాష్ లాంటి వంగే కట్టెని వంచి చట్రం చేసి, పచ్చి తోలుని సన్నటి తాళ్ళుగా కోసి మధ్యలో వల అల్లేవాళ్ళు. చాలా జాతుల్లో చట్రం మగవాళ్ళ పని, అల్లిక ఆడవాళ్ళ పని. నాకిది చదివినప్పుడు ఆశ్చర్యమేసింది. మనిషి బరువంతా మోసేది చట్రం కాదు, ఆ అల్లికే. వల కన్ను పెద్దదైతే కాలు జారుతుంది, మరీ చిన్నదైతే మంచు ఇరుక్కుని బరువెక్కుతుంది. అయినా పుస్తకాల్లో బొమ్మ వేస్తే స్నోషూ మీద వేటగాడే నిలబడి ఉంటాడు. తెరిపి నేలల్లో నడిచేవాళ్ళు పొడుగ్గా, కొసలు తేలినవి చేసుకున్నారు. గుబురు అడవిలో చెట్ల మధ్య తిరిగేవాళ్ళు ఎలుగుబంటి పాదంలా గుండ్రంగా, పొట్టిగా చేసుకున్నారు. ఫ్రెంచివాళ్ళు వచ్చి చూసి, టెన్నిస్ బ్యాటులా ఉందని 'రాకెట్' అన్నారు. జపాన్‌లో కూడా ఇలాంటిదే ఒకటుంది, కాంజికి అంటారు.

ఇప్పుడు మనకిచ్చేవి అల్యూమినియం గొట్టాల చట్రం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పరుపుతో ఉంటాయి. బూటు ముందుభాగాన్ని పట్టీలతో బిగిస్తారు, మడమ మాత్రం వదులు. ముందరి పాదం కింద ఇనుప పళ్ళుంటాయి, గట్టిపడిన చోట జారకుండా. 1970ల్లో ఈ పట్టీలనీ పళ్ళనీ కొండలెక్కేవాళ్ళకు పనికొచ్చేలా బాగుచేసినవాళ్ళలో, మేం పోయిన వాషింగ్టన్ రాష్ట్రానికే చెందిన ప్రేటర్ అన్నదమ్ములు ముఖ్యులు. కొన్నింటికి మడమ కింద ఒక తీగ మడత ఉంటుంది. ఎక్కుడు వచ్చినప్పుడు దాన్ని లేపితే మడమ దానిమీద ఆని పిక్కల నొప్పి తగ్గుతుంది. "హైహీల్స్ వేసుకునే వయసులో వేసుకోలేదు, ఇప్పుడు వేసుకున్నా" అని అమ్మ నవ్వింది.

మేం పోయింది మౌంట్ రేనియర్. సియాటిల్ నుంచి కారులో రెండున్నర గంటలు. 14,410 అడుగుల అగ్నిపర్వతం, నెత్తిన ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. చుట్టుపక్కల ఆదివాసులు దాన్ని టహోమా అంటారు. దానిమీద సుమారు 5,400 అడుగుల ఎత్తులో ప్యారడైజ్ అనే చోటుంది. అక్కడ ఏడాదికి సగటున పడే మంచు 640 అంగుళాల దాకా, అంటే 53 అడుగులు. 1971-72 మంచు సీజన్‌లో 1,122 అంగుళాలు పడి, అప్పటికి ప్రపంచంలోనే ఎక్కువని లెక్క రాసుకున్నారు. తర్వాత 1998-99లో అదే రాష్ట్రంలోని మౌంట్ బేకర్ 1,140 అంగుళాలతో దాన్ని దాటింది. ఇంత మంచు అక్కడే ఎందుకంటే, మన ఆగుంబె కథే అది. అరేబియా సముద్రం తేమగాలి పడమటి కనుమలకు తగిలి పైకి లేచి, చల్లబడి, ఆగుంబెలో కుమ్మరిస్తుంది. అక్కడ పసిఫిక్ సముద్రం తేమగాలి కాస్కేడ్ కొండలకు తగిలి పైకి లేస్తుంది. పైన చలి కాబట్టి వానకు బదులు మంచు. సముద్రం దగ్గర కావడంతో ఆ మంచులో నీళ్ళ పాలు ఎక్కువ, బరువుగా ఉంటుంది. వాళ్ళు సరదాగా కాస్కేడ్ కాంక్రీట్ అంటారు.

ఆ నేషనల్ పార్కువాళ్ళే చలికాలంలో, రోజులు చూసుకుని, కొత్తవాళ్ళ కోసం రేంజరు వెంట స్నోషూ నడక పెడతారు. ఒక గుంపుకి 25 మంది, ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళు. పార్కు లోపలికి టికెట్టు ఉంటుంది కానీ నడకకు రుసుము లేదు. స్నోషూలు అక్కడే ఇస్తారు. వాటి మరమ్మతుకని ఇష్టమున్నవాళ్ళు చందా వేస్తారు. మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువే నడక, దానికి రెండు గంటలు. మన లాల్‌బాగ్‌లో అది ముప్పావు గంట పని. ముందుగా పోయి పేరు రాయించుకోవాలి. ఆ రోడ్డుమీద నవంబరు 1 నుంచి మే 1 దాకా ప్రతి కారులోనూ టైర్లకు కట్టే గొలుసులు ఉండి తీరాలని రూలుంది, ఎండ కాస్తున్నా సరే.

బట్టల దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. అమ్మ చీరమీదే వస్తానంది, కింద ప్యాంటు వేసుకుంటానంది. సంప్రదాయం గురించి కాదు గొడవ, నూలు గురించి. నూలు బట్ట నీళ్ళు పీలుస్తుంది, తొందరగా ఆరదు. మనకి ఎండాకాలంలో అదే సుఖం. మంచులో చెమటతోనో, కరిగిన మంచుతోనో తడిసిన నూలు ఒంటి వేడినంతా లాగేస్తుంది. కుచ్చిళ్ళ అంచు తడిసి గడ్డకడితే ఇక నడకే సాగదు. అందుకని ఒంటికి తగిలేది పాలియెస్టరో ఉన్నిదో, దానిమీద వెచ్చటిది ఒకటి, అన్నిటికీ పైన గాలీ తడీ దూరనిది ఒకటి. మూడు పొరలు. ఒకే లావుపాటి కోటు కన్నా ఇదెందుకు మేలంటే, స్నోషూతో నడిస్తే ఒళ్ళు వేడెక్కి చెమట పడుతుంది. చెమట పట్టకముందే ఒక పొర తీసెయ్యాలి, ఆగినప్పుడు మళ్ళీ వేసుకోవాలి. చలిలో చెమట పట్టకూడదన్న సంగతి నాకు ఆ రోజు దాకా తెలియదు. అమ్మ చివరికి అక్క ట్రాక్ ప్యాంటు వేసుకుంది. పెళ్ళయ్యాక చీర కాకుండా బయటికి రావడం ఆమెకు అదే మొదలు. ఫోటో ఊళ్ళో అవ్వకు పంపొద్దని మాట తీసుకుంది. మంకీ క్యాప్ మాత్రం మన ఊరిదే, దానికి ఎవరూ వంక పెట్టలేదు.

కళ్ళద్దాలు కూడా తప్పనిసరి. ఎండ మంచుమీద పడి తిరిగి కళ్ళలోకే కొడుతుంది. నీళ్ళ సీసాని సంచిలో తలకిందులుగా పెట్టమన్నారు. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత వైపు నీళ్ళుగానే మిగులుతుంది. ఈ ఉపాయం నాకెంత నచ్చిందో! పులిహోర పొట్లాలు పట్టుకుపోయాం. చల్లబడి బిరుసెక్కి, నమలాల్సి వచ్చింది. చలిలో చేతి తొడుగులు తీసి కలుపుకుని తినే తిండి కాకుండా, వేరుశనగ చిక్కీలాగా జేబులోంచి తీసి కొరికేది మేలు.

ఇక నడక. హవాయి చెప్పులేసుకుని నడిచేవాళ్ళకు సగం వచ్చేసినట్టే. కాలెత్తితే ముందుభాగం లేస్తుంది, వెనకభాగం కిందికి వేలాడుతూ ఈడ్చుకుంటూ వస్తుంది. అలా ఈడ్చుకురానివ్వాలి, ఎత్తాలని చూడకూడదు. కాళ్ళ మధ్య మామూలుకన్నా కొంచెం ఎడం కావాలి, లేకపోతే ఒక స్నోషూ ఇంకోదాన్ని తొక్కుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి అడుగు వెయ్యకూడదు. తోక మంచులో గుచ్చుకుని వెల్లకిలా పడతాం. తిరగాలంటే గుండ్రంగా ముందుకే నడిచి తిరగాలి. పడితే నవ్వుకుని, పక్కకి దొర్లి, మోకాళ్ళ మీదికి వచ్చి లేవాలి. లేవడానికి చేతిని ఆనిస్తే చెయ్యి భుజం దాకా దిగబడుతుంది. అందుకే చేతికర్రల కొసన చిన్న బిళ్ళ ఉంటుంది, కర్రకి అదే స్నోషూ.

రేంజరు ఒక నడివయసు ఆవిడ. అమ్మ ఆమెను మాతో రేంజరమ్మ అనే అనేది. బయల్దేరేముందు అందర్నీ ఒక చిన్న మిట్ట ఎక్కించి దింపి చూసింది. తర్వాత వరస మార్చింది. అందరికన్నా మెల్లగా నడిచేవాళ్ళని తన వెంటనే, రెండో చోటున పెట్టుకుంది. అందులో అమ్మ ఒకతె. బాగా నడిచే ఒక కుర్రవాడిని చిట్టచివర పెట్టి, వాడి వెనక ఎవరూ ఉండకూడదంది. మనం టూరు పోతే గట్టివాళ్ళు ముందు దూకుతారు, మెల్లగా వచ్చేవాళ్ళు రొప్పుతూ చివర చేరుతారు, వాళ్ళు చేరేసరికి ముందువాళ్ళు విశ్రాంతి ముగించుకుని లేస్తారు. అంటే అలసినవాళ్ళకే విశ్రాంతి ఉండదు. మెల్లగా నడిచే మనిషి ముందుంటే గుంపు ఆమె వేగంతో పోతుంది, ఎవరూ విడిపోరు. ఇంకో సంగతి కూడా ఉంది. కొత్త మంచులో మొదట నడిచేవాళ్ళు బాట తొక్కాలి, అది చాలా కష్టం. వెనకవాళ్ళకు తొక్కిన దారి దొరుకుతుంది. కాబట్టి తొక్కే పని వంతులవారీగా చెయ్యాలి. ముందున్నవాళ్ళు అలసితే పక్కకి తప్పుకుని, వరస పోయాక చివర చేరతారు. ఐదు నిముషాలు నేనూ తొక్కాను. గుండె చెవుల్లో కొట్టుకుంది.

నడుస్తూ ఆమె ఎక్కడెక్కడ అడుగు వెయ్యకూడదో చూపించింది. నాకు ఈ భాగమే అన్నిటికన్నా విలువైనదనిపించింది. ఫర్, హెమ్లాక్ చెట్ల కొమ్మలు గొడుగులా మంచుని ఆపుతాయి, అందువల్ల మొదలు చుట్టూ బోలుగా గుంత ఏర్పడుతుంది. పైకి మెత్తటి పొర మాత్రమే కనిపిస్తుంది. అందులో తలకిందులుగా పడినవాళ్ళు సొంతంగా బయటికి రాలేరు, ఊపిరాడక చనిపోతారు. కాబట్టి నీడ బాగుందని చెట్టు మొదట్లోకి పోకూడదు. చెట్టుకి ఆనుకుని ఫోటో తీసుకోవాలని మనకి మొదట పుట్టే బుద్ధి అదే! గట్టు అంచున గాలికి చూరులా పెరిగే మంచు కింద నేల ఉండదు, అంచుకి పోకూడదు. వాగు మీది మంచు వంతెనలా కనిపిస్తుంది, కింద నీళ్ళు పారుతూ దాన్ని పలచన చేస్తుంటాయి. మంచుచరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. ఆ వాలు మీదే కాదు, దాని కింద చదునులో నిలబడ్డా ప్రమాదమే. ఏ రోజు ఎంత ముప్పు ఉందో అక్కడి నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలమంతా ముందే చెబుతుంది. నడక దారిని ఆ సూచన చూశాకే నిర్ణయించుకుంటారు. స్నోషూ ఉంటే ఎక్కడికైనా పోగలం అనిపిస్తుంది, అందుకే పోకూడని చోటు ముందు తెలియాలి.

మా నడక పూర్తి కాలేదు. ముప్పావు దూరం పోయాక కింది లోయలోంచి మబ్బు లేచింది. కొండ శిఖరం అప్పటికే కనబడటం లేదు. రేంజరమ్మ కర్ర నేలకి గుచ్చి, ఇక వెనక్కి పోదాం అంది. ఇంకో పది నిముషాలు పోతే మంచి చూపు ఉన్న చోటు వస్తుందని బోర్డులో చూసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు గొణిగారు. బావ కూడా గొణిగాడు, అంత దూరం కారు నడిపింది ఆయనే కదా. ఆమె వాదించలేదు. గుండ్రంగా తిరిగి నడవడం మొదలుపెట్టింది. పావుగంటలో ఆకాశం, నేల ఒకే తెలుపులో కలిసిపోయాయి. మిట్ట ఎక్కడుందో, పల్లం ఎక్కడుందో కాలు పడితే గానీ తెలియదు. నీడలే లేవు. నాకు ముందున్న అమ్మ ఎర్ర మంకీ క్యాప్ ఒక్కటే రంగు. వచ్చిన బాట మా అడుగులతో గట్టిగా తొక్కి ఉంది కాబట్టి, దాన్నే పట్టుకుని వచ్చేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ బాట లేకుండా, మేం నలుగురమే పోయి ఉంటే ఏ వైపు నడిచేవాళ్ళమో నాకు ఇప్పటికీ ఊహకి అందదు.

మన దేశంలోనూ గుల్మార్గ్, ఔలీ లాంటి చోట్ల మంచులో నడవొచ్చు. ఎక్కడికి పోయినా బయల్దేరేముందు అడగాల్సినవి ఇవే: వెంట వచ్చే మనిషికి ఆ కొండ తెలుసా, ఈ రోజు చరియల సూచన ఏంటి, చివర ఎవరు నడుస్తారు, ఏ సమయానికి వెనక్కి తిరుగుతారు. చివరి ప్రశ్నకి సరైన జవాబు లేకపోతే డబ్బు కట్టినా పోకపోవడమే మంచిది. మొదటి రోజుకి ఒక గంట నడక చాలు. తొడల పైభాగం, తుంటి దగ్గర మనకు ఎప్పుడూ పని చెప్పని కండరాలు మర్నాడు పట్టేస్తాయి. అమ్మ రెండు రోజులు మెట్లు పక్కవాటంగా దిగింది. మూడో రోజు, మళ్ళీ ఎప్పుడు నడక పెడతారో చూడమని అక్కను అడిగింది.